బ్రతుకు చదువుకు తుది పరీక్ష

గణితానికి సూత్రాలున్నాయి, చరిత్రకు తేదీలున్నాయి, భాషకు వ్యాకరణం ఉంది. పాఠశాల చివరి సంవత్సరంలో వీటన్నిటికీ విద్యార్థి ఏదో ఒక విధంగా సిద్ధం కాగలడు. జీవన నైపుణ్యాలు అనే అంశంలో మాత్రం కంఠస్థం చేయదగిన భాగం బహు స్వల్పం. కోపం వచ్చినప్పుడు ఎట్లా నిగ్రహించుకోవాలి, మిత్రుడు పెడదారి పడుతుంటే ఏమని చెప్పాలి, చేతిలోని కొద్దిపాటి డబ్బుతో నెల ఎట్లా గడపాలి అన్న ప్రశ్నలకు కాగితంపై సరైన జవాబు రాయడం వేరు, వేళకు ఆ పని చేయగలగడం వేరు. దిగితేగాని లోతు తెలియదన్న సామెత ఈ పాఠానికి వర్తించినంతగా మరి ఏ పాఠానికీ వర్తించదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల తొలినాళ్లలో పాఠశాలల కోసం ఈ నైపుణ్యాలను పదిగా వింగడించింది. స్వీయ అవగాహన, సహానుభూతి, విమర్శనాత్మక ఆలోచన, సృజనాత్మక ఆలోచన, నిర్ణయ సామర్థ్యం, సమస్యా పరిష్కారం, చక్కని భావప్రసారం, మానవ సంబంధాలు, ఒత్తిడిని తట్టుకోవడం, ఉద్వేగాలను సంబాళించుకోవడం - ఇవీ ఆ పది. చురుకైన విద్యార్థి ఒక సాయంత్రంలో ఈ పట్టికను వల్లెవేయగలడు. మరునాడు దానిని తడబడక అప్పగించనూ గలడు. ఒత్తిడిని తట్టుకోవడం అనే అంశంలో మార్కులు తగ్గుతాయేమోనన్న ఒత్తిడితో ఆ రాత్రి అతనికి నిద్ర పట్టకపోనూవచ్చు. ఈ పరీక్షలోని చిక్కంతా అక్కడే ఉంది.

ఇటువంటి చదువు మన దేశానికి కొత్తది కాదు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో వేదాధ్యయనం ముగించిన శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనం ఒకటి ఉంది. సత్యం, ధర్మం, తల్లిదండ్రులు, అతిథులు, దానం - అన్నిటినీ చెప్పిన తరువాత ఆచార్యుడు ఒక విశేషాన్ని జోడిస్తాడు. ఎట్లా నడచుకోవాలో సందేహం కలిగితే, ఆ చోట ఉన్న ఆలోచనాపరులు, మృదుస్వభావులు, ధర్మపరులు అయిన పెద్దలు ఎట్లా నడచుకుంటున్నారో చూసి అట్లా నడచుకొమ్మంటాడు. ముందుగా ఊహించలేని సందర్భానికి ముందుగా రాసిపెట్టిన జవాబు ఉండదని ఆ ఆచార్యునికి తెలుసు. 1853లో పరవస్తు చిన్నయసూరి వెలువరించిన ‘నీతిచంద్రిక’ తరతరాల తెలుగు విద్యార్థులకు పాఠ్యగ్రంథమయింది. అందులోని విష్ణుశర్మ కూడా రాజకుమారులను ఆరు నెలలలో నీతిశాస్త్రజ్ఞులను చేస్తానని మాట ఇచ్చి, వారికి కథలు చెప్పాడు. ఇక వారికి పరీక్ష పెట్టవలసింది రాజ్యపాలనే.

ఆధునిక విద్యావ్యవస్థ ఈ చదువును కొలవబోయింది. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2009లో ప్రవేశపెట్టిన నిరంతర సమగ్ర మూల్యాంకనంలో తొమ్మిది, పది తరగతుల విద్యార్థుల ఆలోచనా నైపుణ్యాలకు, సామాజిక నైపుణ్యాలకు, ఉద్వేగ నైపుణ్యాలకు ఉపాధ్యాయులు గ్రేడులు ఇచ్చేవారు. ఏడాది పొడవునా పిల్లవాణ్ణి గమనించి, సూచికలతో సరిపోల్చి గ్రేడు నిర్ణయించాలన్నది సదుద్దేశమే. అయితే సహపాఠ్య రంగాలలోని ప్రతిభను బట్టి పాఠ్యవిషయాల గ్రేడును పెంచే నియమం కూడా ఆ పద్ధతిలో ఉండేది. ఆ నియమం వల్ల సహానుభూతి సైతం గణితపు గ్రేడుకు ఊతకర్ర కాగల పరిస్థితి ఏర్పడింది. 2017తో ఆ పద్ధతి ముగిసింది. సముద్రాల కావల దక్షిణాఫ్రికాలో 2008 నుండి పన్నెండవ తరగతి ధ్రువపత్రానికి ‘లైఫ్ ఓరియెంటేషన్’ తప్పనిసరి అంశం. డర్బన్ ప్రాంతపు తెలుగు కుటుంబాల పిల్లలు కూడా దానిని చదువుతారు. కాని అక్కడి పలు విశ్వవిద్యాలయాలు ప్రవేశాలకు మార్కులు లెక్కించేటప్పుడు ఆ అంశాన్ని పక్కన పెడతాయి. జీవితానికి అవసరమన్న పాఠం ప్రవేశానికి అక్కరకు రాకపోతే విద్యార్థి దానిని ఏ దృష్టితో చూస్తాడో ఊహించడం కష్టం కాదు.

ఈ ప్రశ్నకు భిన్నమైన సమాధానాలు ఒకే పట్టణంలో, ఒకదానికొకటి నడక దూరంలో కనిపించడం పుదుచ్చేరి ప్రత్యేకత. 1826లో నెలకొన్న ఫ్రెంచి లీసే విద్యార్థులు చివరి సంవత్సరంలో బకలోరియా పరీక్షకు కూర్చుంటారు. 2021 నుండి ఆ పరీక్షలో ‘గ్రాండ్ ఓరల్’ అనే మౌఖిక పరీక్ష చేరింది. విద్యార్థి తనకు ఆసక్తి ఉన్న రెండు ప్రశ్నలను తానే రూపొందించుకొని వస్తాడు. పరీక్షకులు వాటిలో ఒకదానిని ఎన్నుకుంటారు. 20 నిమిషాల పాటు అతడు వారి ఎదుట తన మాటను నిలబెట్టుకోవాలి. సమాధానం తెలిసి ఉంటే చాలదు, ఎదుటివారి కళ్లలోకి చూసి చెప్పగలగాలి.

ఇక శ్రీ అరవిందాశ్రమ విద్యాకేంద్రానిది మరొక మార్గం. 1943 డిసెంబరు 2న సుమారు 20 మంది పిల్లలతో మాతృమూర్తి ప్రారంభించిన పాఠశాల 1952లో అంతర్జాతీయ విశ్వవిద్యాలయ కేంద్రమై, 1959 నుండి శ్రీ అరవింద అంతర్జాతీయ విద్యాకేంద్రమన్న పేరు పొందింది. అక్కడ పట్టాలు లేవు, డిప్లొమాలు లేవు. శరీరం, ప్రాణం, మనస్సు, అంతరాత్మ, ఆధ్యాత్మికత అనే అయిదు పార్శ్వాలలోనూ శిక్షణ సాగాలన్నది ఆ కేంద్రం ఆశయం. పై తరగతులలో విద్యార్థి తన అధ్యయనాన్ని తానే ఎన్నుకొని, దానికి తానే బాధ్యత వహిస్తాడు. ధ్రువపత్రం లేని చదువుతో లోకంలోకి అడుగు పెట్టడం అందరికీ సాధ్యమయ్యే సాహసం కాదు. ఉద్యోగపు దరఖాస్తు నింపవలసిన సామాన్య కుటుంబపు బిడ్డకు కాగితం కావాలి. అయినా చదువుకు ప్రయోజనం పరీక్షే కాదని ఒక సంస్థ ఎనిమిది దశాబ్దాలుగా ఆచరించి చూపడం ఆలోచించదగిన విషయం.

ఈ రెండింటి నడుమ పట్టణంలోని ప్రభుత్వ పాఠశాలలు ఉన్నాయి. 2023-24 విద్యాసంవత్సరం నుండి అవి దశలవారీగా కేంద్రీయ విద్యామండలి పాఠ్యప్రణాళికలోకి మారాయి. పాత పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాల తీరు ఒక్కసారిగా పోయి, కొత్తవి వచ్చినప్పుడు తడబడినవారు విద్యార్థులు మాత్రమే కారు. అలవాటైన దారి మూసుకుపోయినప్పుడు కొత్త దారి వెతుక్కోవడం, తెలియదని చెప్పి అడగడం, అడిగినవారిని చిన్నబుచ్చకుండా చెప్పడం - ఈ మార్పు ప్రతి తరగతి గదిలోనూ కోరినవి ఇవే. జీవన నైపుణ్యాల పాఠం కోసం వేరే పుస్తకం అక్కరలేకపోయింది.

ఇంతకూ ఆ చివరి సంవత్సరంలో ఇంట్లో జరుగుతున్నదేమిటి? పిల్లవాడు పరీక్షల తరగతికి వచ్చాడనగానే పెద్దలు అతనికి అన్ని పనుల నుండీ సెలవు ప్రకటిస్తారు. గూబేర్ మార్కెట్‌కు వెళ్లి కూరలు తేవడం లేదు. గ్యాసు బండకు ఫోను చేయడం, బ్యాంకులో వరుసలో నిలబడడం లేదు. బంధువుల పెళ్లికి పోవడం లేదు, ఆసుపత్రిలో తాతగారి దగ్గర కూర్చోవడం లేదు. “నువ్వు చదువుకో నాయనా, ఇవన్నీ మేము చూసుకుంటాము” అన్న మాటలో ప్రేమ ఉంది, త్యాగం కూడా ఉంది. కాని బ్రతుకు నేర్వవలసిన ఏడాదిలోనే అతణ్ణి బ్రతుకు నుండి వేరుచేసి గదిలో కూర్చోబెడుతున్నామన్న ఎరుక అందులో లేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని పూర్వులు నవ్వులాటకు అనలేదు.

ఆ లోటు బయటపడేది యానాం వంటి చోట్ల నుండి వచ్చిన పిల్లల విషయంలో. పుదుచ్చేరి పాలనలోనే ఉన్నా, గోదావరి తీరపు యానానికీ ఈ పట్టణానికీ మధ్య 800 కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. తెలుగింట పెరిగిన విద్యార్థి పై చదువుకు ఇక్కడ దిగేసరికి బస్సులో తమిళం, బజారులో తమిళం. దరఖాస్తు పత్రంలోని గడులు, వసతిగృహపు నియమాలు, నెలాఖరు ఖర్చులు, తొలి జ్వరం - ఇవన్నీ ఒకే వారంలో వచ్చి పడవచ్చు. పన్నెండవ తరగతిలో ఎంత మంచి మార్కులు తెచ్చుకున్నా, ఒక్కసారైనా ఒంటరిగా బ్యాంకు గడప తొక్కని పిల్లవానికి ఆ వారమే అసలైన తుది పరీక్ష.

ప్రకృతి పెట్టే పరీక్షకు కాలపట్టిక ఉండదు. 2011 డిసెంబరు 30న ‘థానే’ తుపాను కడలూరు, పుదుచ్చేరిల మధ్య తీరం దాటింది. 2024 నవంబరు 30 రాత్రి ‘ఫెంగల్’ పుదుచ్చేరి సమీపంలో తీరాన్ని తాకినప్పుడు 24 గంటల్లో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. అటువంటి రాత్రి మెయిన్ స్విచ్చి ఎక్కడుందో తెలిసి ఉండాలి. తాగునీరు ముందే పట్టి ఉంచాలి, వదంతిని నమ్మకూడదు, పక్కింటి వృద్ధురాలిని పలకరించి రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పది నైపుణ్యాలలో అక్కడ అక్కరకు రానిది ఒక్కటీ లేదు.

కనుక ఈ పరీక్షకు సన్నద్ధత అంటే ప్రశ్నోత్తరాల సంచిక కాదు. చివరి సంవత్సరంలో విద్యార్థికి ఇంటి పనులలో ఒకదాని బాధ్యతనైనా పూర్తిగా అప్పగించాలి. నెలకొకసారి కరెంటు బిల్లు కట్టడం, వారానికొక పూట వంట, తమ్ముడి చదువు, అమ్మమ్మ మందులు - ఏదైనా సరే. అందులో పొరపాటు చేసే హక్కు కూడా అతనికి ఉండాలి. బడిలో వార్షికోత్సవపు లెక్కలు రాసే పని విద్యార్థులకే వదలవచ్చు. ఇద్దరు స్నేహితుల తగవును తీర్చే ముందు వారిని ఒకరి పక్షం ఒకరు చెప్పమనవచ్చు. 2020 నాటి జాతీయ విద్యావిధానం సూచించిన సమగ్ర ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుని అంచనాతో పాటు విద్యార్థి స్వీయ అంచనాకు, తోటివారి అంచనాకు కూడా చోటుంది. ఆ గడులను మొక్కుబడిగా నింపకుండా, చేసిన పని గురించి నిజం చెప్పుకునే చోటుగా వాడుకుంటే గ్రేడు కన్న ఎక్కువ మేలు జరుగుతుంది.

జవాబుపత్రం మీద పేరు విద్యార్థిదే. కాని జీవన నైపుణ్యాల విషయంలో పరీక్షకు లోనవుతున్నది ఆ ఇల్లు, ఆ బడి. పిల్లవాణ్ణి ఎంతవరకు నమ్మారు, ఏ పని అతని చేతికి ఇచ్చారు, సందేహం వేళ అతడు చూసి నడచుకోదగినట్లుగా తాము నడచుకున్నారా అన్నవే అందులోని అసలు ప్రశ్నలు. వాటికి పెద్దలు జవాబు చెప్పుకోగలిగిన నాడు పిల్లల పరీక్ష సగం తేలికవుతుంది.