మోటారు హార్సుపవరు, బోరులో నీళ్లు
— బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి

'హోం థియేటర్' అనే మాట వినగానే మనలో చాలామందికి గోడంత తెర, నాలుగు మూలలా స్పీకర్లు, మెత్తని సోఫాలు, వాటి మధ్య కూర్చున్న ఒక కలవారి కుటుంబం కళ్ల ముందు మెదులుతాయి. ప్రకటనలు మనకు నేర్పింది అదే. కాని పెంకుటింట్లో, 32 అంగుళాల టీ.వీ. ముందు, నులకమంచం మీద కూర్చునే కుటుంబానికి కూడా హోం థియేటర్ అవసరం కావచ్చుననీ, దాన్ని 2025లో మేము 25,000 రూపాయలలో అమర్చుకున్నామనీ చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఆ వస్తువేమిటో చెప్పాలి. అది ఇంట్లో ఒక మూల, ఇరవైనాలుగు గంటలూ నడిచే చిన్న కంప్యూటరు. పాటలు, ఫోటోలు, వీడియోలు అన్నీ దాని దగ్గర ఉంటాయి. టీ.వీ.కి దాన్ని ఒక తీగతో కలిపితే తెర మీద చూడవచ్చు. ఇంట్లో ఫోన్లు అడిగినా అదే అందిస్తుంది. దీన్నే మీడియా సర్వర్ అంటున్నారు. గాదె ఒకటే, చేటలు ఎన్నైనా ఉండవచ్చునన్నమాట.

మా ఇంటికి ఇది ఎందుకంటే, మా తాత కోసం. ఆయన వ్యవసాయదారుడు. పగలంతా చేలో ఉండి రాత్రిళ్లు రామాలయంలో హార్మోనియం ముందు కూర్చునేవాడు. ఆయన పాడిన భజనలూ పద్యాలూ పదకొండు క్యాసెట్లలో ఉన్నాయి. నేను పుట్టక ముందు రికార్డు చేసినవి. తాత పోయి తొమ్మిదేళ్లయింది. ఆ క్యాసెట్లలో ఒకటి అప్పటికే తెగిపోయి, మా నాయిన గోళ్ల రంగుతో అతికించి ఉంచాడు. క్యాసెట్టంటే సన్నని ప్లాస్టిక్ పట్టీ, దాని మీద ఐరన్ ఆక్సైడ్ పూత. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున ఆ పట్టీ కదులుతుంటే పూతలోని అయస్కాంతత్వమే శబ్దంగా మారుతుంది. తేమకు బూజు పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పూత రాలుతుంది. ప్రయోగశాలలో చదువుకున్న విషయం ఇంట్లో అటక మీద జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాలేదు.

2025 సంక్రాంతికి పత్తి అమ్మిన డబ్బు ఇంట్లో ఉంది. నా మాట విని అమ్మ అన్నది, "గా పైసలతోని డ్రిప్పు పైపులు మార్పియ్యొచ్చు గదరా. సగం తూట్లు వడ్డయి."

నాయిన కొంచెంసేపు ఊరుకుని, "పైపులు వచ్చే యేడు గూడ దొర్కుతయ్. టేపు ఖరాబైతే మా నాయిన గొంతు యాడ దొర్కుతది?" అన్నాడు. నోట్లు నా చేతిలో పెడుతూ, "పైస పైసకు లెక్క జెప్పాలె" అని కూడా అన్నాడు.

ఆ లెక్కే ఇప్పుడు పాఠకులకు కూడా చెబుతున్నాను.

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్ మనలో కొందరికి తెలిసిందే. అంతస్తులన్నీ కంప్యూటరు దుకాణాలే. నేనడుగు పెట్టిన మొదటి దుకాణంలో ఆయన, "తమ్ముడూ, హోం థియేటర్ అంటే గ్రాఫిక్స్ కార్డు లేకుండ ఎట్లయితది?" అని నా బడ్జెట్టు మొత్తం ఆ కార్డుకే సరిపోయే చీటీ ఒకటి రాసిచ్చాడు. నేను చీటీ జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

మా బోరు రెండించుల నీళ్లు పోస్తుంది. దానికి 5 హార్సుపవరు మోటారు చాలు. 10 హార్సుపవరు మోటారు దింపితే నీళ్లు రెట్టింపు కావు. బోరు గ్యాప్ ఇస్తుంది, మోటారు ఒట్టిగా తిరుగుతుంది, ఏదో ఒకనాడు వైండింగు కాలుతుంది. మోటారు కొనేవాడు ముందు బోరు సంగతి, తరవాత పైపు సంగతి చూసుకోవాలి. ఇది రైతుబిడ్డకు ఎవరూ చెప్పనవసరం లేదు. కంప్యూటరుకు కూడా ఇదే న్యాయం.

మా బోరులో నీళ్లెన్నో చూద్దాం. మా టీ.వీ. తెర మీద అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. మా అమ్మానాయినల పెళ్లి వీడియో సి.డి.లలో ఉంది. అందులో బొమ్మకు 352, 288 చుక్కలే. పోనీ, మంచి నాణ్యత గల సినిమాయే అనుకుందాం. సెకనుకు 8 మెగాబిట్లు, అంటే ఒక మెగాబైటు. గంటకు 3.6 గిగాబైట్లు. మామూలు హార్డుడిస్కు సెకనుకు వంద మెగాబైట్లకు పైగా చదవగలదు. పాతకాలపు 100 మెగాబిట్ల నెట్‌వర్కు తీగలో కూడా సెకనుకు 12 మెగాబైట్లు పోతాయి. ఇంత చిన్న ప్రవాహానికి అంత పెద్ద మోటారు ఎందుకు?

అయితే ఒక్క చోట మాత్రం జాగ్రత్త అవసరం. వీడియోలను కుదించి దాచే పద్ధతులున్నాయి. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265, 2018లో వచ్చిన ఏవీ1 వాటిలో ముఖ్యమైనవి. కుదించినదాన్ని విప్పే పని ప్రాసెసరు తన బుర్రతో చేస్తే వేడెక్కిపోతుంది. అందుకోసమే ప్రాసెసరులో ప్రత్యేకమైన భాగం ఒకటి పెడుతున్నారు. ఇంటెల్ వారి ఏడవ తరం నుంచి 10 బిట్ల హెచ్.265ను కూడా ఆ భాగమే విప్పుతుంది. కాబట్టి పాతది కొన్నా ఏడవ తరం కంటె వెనక్కు పోకూడదని నిశ్చయించుకున్నాను. ఏవీ1 కూడా అలా విప్పాలంటే 2023లో వచ్చిన ఎన్100 వంటి చిన్న ప్రాసెసరు మేలు. అది కరెంటు కూడా తక్కువే తాగుతుంది. కాని ఆ చిన్న పెట్టెల్లో 3.5 అంగుళాల హార్డుడిస్కు పట్టదు. దాన్ని బయట వేరే పెట్టెలో, వేరే అడాప్టరుతో పెట్టాలి. మా ఇంట్లో ప్లగ్గు పాయింట్లు అన్ని లేవు.

చివరికి ఆఫీసుల్లో వాడి అమ్మేసిన ఎనిమిదవ తరం ఐ5 డెస్క్‌టాప్ తీసుకున్నాను. 8 గిగాబైట్ల ర్యామ్, 256 గిగాబైట్ల ఎస్.ఎస్.డి.తో సహా 12,000 రూపాయలు. మూత విప్పించి దుమ్ము, ఫ్యాను, కెపాసిటర్లు చూసి, గంటసేపు నడిపించాకనే డబ్బిచ్చాను. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూడమా? సెకండ్‌హ్యాండు కొనకూడని వస్తువు ఒక్క హార్డుడిస్కే అని నా అభిప్రాయం. అందుకని 4 టెరాబైట్ల డిస్కు కొత్తది, 9,000 రూపాయలు. పై లెక్క ప్రకారం అందులో సుమారు 1,100 గంటల వీడియో పడుతుంది. కరెంటు వచ్చీపోయే ఊరు కనుక యు.పి.ఎస్. 3,000. ఇది విలాసం కాదు. డిస్కు రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి. మిగిలిన వెయ్యి రూపాయలు తీగలకూ, బస్సు చార్జీకీ పోయాయి. స్పీకర్లు కొనలేదు. తాత టేపురికార్డరు స్పీకర్లే ఉన్నాయి.

సాఫ్ట్‌వేరుకు రూపాయి ఖర్చు లేదు. లినక్సు, దాని మీద జెల్లీఫిన్. ఈ జెల్లీఫిన్ 2018 డిసెంబరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా విడివడి వచ్చింది. నెల చందా లేదు. ఇంటర్నెట్టు పోయినా ఇంట్లో రౌటరు ఉన్నంతవరకు నడుస్తుంది. హాస్టల్లో మిత్రులు, "నెలకింత కడితే సినిమాలన్నీ ఫోన్లోనే వస్తాయి, ఈ అవస్థ ఎందుకు?" అన్నారు. నిజమే. కాని ఏ కంపెనీ జాబితాలోనూ మా తాత లేడు.

ఇక కరెంటు బిల్లు. మీటరు పెట్టి చూస్తే సగటున 22 వాట్లు. రోజుకు అరయూనిట్టుకు కొంచెం పైన, నెలకు సుమారు 16 యూనిట్లు. ఇంట్లో పాత ఫ్యాను ఒకటి రోజుకు ఏడెనిమిది గంటలు తిరిగితే అయ్యేంత. ఈ లెక్క చెప్పిన తరవాతే అమ్మ దాన్ని రాత్రిపూట ప్లగ్గు పీకడం మానేసింది.

క్యాసెట్లు ఎక్కించడానికి పదకొండు సాయంత్రాలు పట్టింది. టేపు ఎంత వేగంగా తిరిగితే అంతే వేగంగా రికార్డు కావాలి. గంట క్యాసెట్టుకు గంట కూర్చోవలసిందే. నిమిషానికి పది మెగాబైట్ల చొప్పున ఒక్కొక్కటి 600 మెగాబైట్లయింది. పదకొండూ కలిపి ఏడు గిగాబైట్లయినా కాలేదు. 4 టెరాబైట్లలో అది ఒక మూలకు రాదు. విత్తనాలు ఒకే కుండలో దాచకూడదు కనుక ఇంకొక ప్రతి హాస్టల్లో నా దగ్గర వేరే డిస్కులో ఉంది.

అతికించిన క్యాసెట్టు ఏడవది. అతుకు దగ్గర ఒక్క మాట పోయింది. నాయిన ఆ చోటు వచ్చినప్పుడల్లా పోయిన మాటను తనే అందిస్తాడు, తాత పద్యం సాగిపోతుంది. పద్యం అయ్యాక ఒక దగ్గు, ఆ తరవాత "నీళ్లు తేరా" అన్న తాత గొంతు వస్తాయి. ఆ నీళ్లు తెచ్చిన పిల్లవాడు తనేనని మొదటి రాత్రి నాయిన చెప్పాడు. అమ్మ ఏమీ అనకుండా, "ఇంకొకపారి వెట్టు" అన్నది.

డ్రిప్పు పైపులు మాత్రం ఇంకా మారలేదు. వేసవిలో తూట్లకు సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి నెట్టుకొచ్చాం. ఆ ఖర్చు ఎవరి మీద పడిందో నాకు తెలుసు, అందుకే ఈ లెక్క ఇంత వివరంగా రాశాను. కొనబోయే మిత్రులు వస్తువుల జాబితాతో కాక, ఇంట్లో ఏముంది, ఏది పోకూడదు అన్న ప్రశ్నతో బయలుదేరితే సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది.

మనలో చాలామంది ఇళ్లల్లో అటకల మీద క్యాసెట్లు ఉండే ఉంటాయి. వచ్చే సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒకసారి దించి చూడండి. బాగుచేయించిన టేపురికార్డరు, ఎక్కించే తీగ నా దగ్గర ఉన్నాయి. కావలసినవారు హాస్టలుకు వచ్చి తీసుకుపోవచ్చు.