మొదటి స్త్రీ తర్వాత

నల్లజాతి స్త్రీలు మనకు ఎక్కువగా సాహిత్యం ద్వారానే తెలుసు. టోనీ మారిసన్‌ని, ఆలిస్ వాకర్‌ని, బెల్ హుక్స్‌ని చదివాం, పాఠాలు చెప్పాం, సిద్ధాంత గ్రంథాలు రాశాం. ఆ జాతి స్త్రీల్లో కొందరు పెద్ద కంపెనీలకు అధిపతులయ్యారన్న సంగతిని మాత్రం వ్యాపార పేజీ వార్తగా పక్కన పెట్టేస్తాం. అర్సులా బర్న్స్ 2021లో వెలువరించిన ఆత్మకథ చదివాక నాకు ఆ పేజీ తిప్పెయ్యబుద్ధి కాలేదు.

బర్న్స్ 1958లో న్యూయార్క్‌లో పుట్టింది. పనామా నుంచి వలస వచ్చిన తల్లి ముగ్గురు పిల్లల్ని ఒంటరిగా పెంచింది. ఇంట్లోనే పరాయి పిల్లల్ని చూసుకుంది, ఊళ్లోవాళ్ల బట్టలు ఇస్త్రీ చేసింది. కూతురు మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతూ 1980లో జిరాక్స్‌లో వేసవి శిక్షణకు చేరింది. 2009లో ఆ కంపెనీకే సీఈఓ అయింది. ఫార్చూన్ 500 కంపెనీకి అధిపతి అయిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమే.

ఆ ఇస్త్రీ బట్టల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బానిసలుగా బతికిన తల్లిదండ్రులకు పుట్టిన మేడమ్ సి.జె. వాకర్ సెయింట్ లూయీలో ఏళ్ల తరబడి బట్టలుతికింది. ఆ తర్వాతే తలకు రాసుకునే మందుల వ్యాపారం మొదలుపెట్టి, 1910లో ఇండియానాపొలిస్‌లో కంపెనీని నిలబెట్టింది. 1903లో రిచ్‌మండ్‌లో బ్యాంకు స్థాపించిన మాగీ లీనా వాకర్ తల్లి కూడా బట్టలుతికే బతికింది. ఆ మూటలు ఇళ్లకు మోసింది చిన్నారి మాగీ. వీళ్ల దక్షతకు మూలం ఏ బిజినెస్ స్కూల్లోనూ లేదు.

అలాంటప్పుడు 2009 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? జవాబు ఒక కోర్టు తీర్పులో దొరికింది. జనరల్ మోటార్స్ సెయింట్ లూయీ ఫ్యాక్టరీ మీద అయిదుగురు నల్లజాతి స్త్రీలు దావా వేశారు. 1964కి ముందు ఆ కంపెనీ వాళ్లను పనిలోకే తీసుకోలేదు. 1970 తర్వాత చేరినవాళ్లను, మాంద్యం రాగానే, చివర చేరినవాళ్లు ముందు పోవాలన్న నియమం కింద తీసేసింది. కంపెనీలో స్త్రీలున్నారు, కానీ తెల్లవాళ్లు. నల్లవాళ్లున్నారు, కానీ మగవాళ్లు. జాతినీ లింగాన్నీ కలిపి ఒకే ఫిర్యాదుగా వినడానికి వీల్లేదని 1976లో కోర్టు తేల్చేసింది. ఈ తీర్పును ఎత్తిచూపుతూనే కింబర్లీ క్రెన్‌షా 1989లో, వివక్షలు ఒకదాన్నొకటి ఖండించుకునే కూడలి గురించి రాసింది. మనం సెమినార్లలో వల్లించే ఆ సిద్ధాంతం ఫ్యాక్టరీ గేటు దగ్గర పుట్టిందని ఎంతమందిమి గుర్తుంచుకున్నాం?

"కుర్చీలో ఎవరు కూర్చుంటే ఏముంది, కుర్చీ గుణం మారుతుందా?" అని ఒక మిత్రురాలు నన్ను నిలదీసింది. మారదు. నల్లజాతి స్త్రీ నడిపినంత మాత్రాన కంపెనీ లాభాపేక్ష మానుకోదు. అయితే ఈ ప్రశ్న ఇన్నాళ్లూ కూర్చున్నవాళ్లను ఎవరూ ఇంత గట్టిగా అడగలేదే! గుమ్మం బయట నిలబెట్టినవాళ్లు లోపలికి రాగానే కుర్చీలో విలువ లేదనడం నాకు న్యాయంగా తోచదు.

నన్ను బాధించేది వేరే ఉంది. బర్న్స్ సీఈఓ పదవి 2016 చివరితో ముగిసింది. ఆ తర్వాత ఫార్చూన్ 500లో 2019లో ఒక తాత్కాలిక నియామకం తప్ప, 2021లో రోజలిండ్ బ్రూవర్ వాల్‌గ్రీన్స్‌కి వచ్చేదాకా ఆ స్థాయిలో మరో నల్లజాతి స్త్రీ లేదు. అదే ఏడాది తసుండా బ్రౌన్ డకెట్ టీఐఏఏ బాధ్యత తీసుకుంది. 2023లో బ్రూవర్ వెళ్లిపోయింది. ఇప్పటికీ లెక్క పెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు.

"మొదటి స్త్రీ" అన్న బిరుదును పత్రికలు పండగలా రాస్తాయి. నిజానికి అది అంతకుముందు ఎందరిని ఆపేశారో చెప్పే ఫిర్యాదు పత్రం. రెండో ఆమె, పదో ఆమె వచ్చి, వాళ్ల పేర్లు వార్త కాకుండా పోయిన రోజున మార్పు వచ్చిందని నమ్ముతాను. అప్పటిదాకా ఆ లెక్క రాసుకోవడం కూడా స్త్రీవాద పరిశోధనే.