ఓడమీద అమ్మ

అండమానులో స్థిరపడిన తమ్ముణ్ణి అమ్మ కళ్ళారా చూసి పన్నెండేళ్ళయింది. "విమానం వద్దురా, చెవులు దిమ్మెక్కుతాయిట" అంది. దిమ్మెక్కించేది టిక్కెట్టు ధర అని ఇద్దరికీ తెలుసు.

విశాఖపట్నంనుంచి అక్కడికి ప్రయాణికుల ఓడ ఉంది. సుమారు నెలకొక్కసారే. అందుచేత ముందు ఓడ తేదీ తెలుసుకుని, తరవాతే రైలు టిక్కెట్టు కొన్నాను. కేబిన్లు ఖరీదు, అన్నిటికంటె చవక బంకు తరగతి. పెద్ద హాలులో ఒకదానిమీద ఒకటిగా పడకలు. అమ్మకు కింది పడక అడిగి తీసుకున్నాను.

గుంటూరులో రాత్రి స్లీపరెక్కి తెల్లవారేసరికి విశాఖలో దిగాం. ఆటో మానేసి సిటీబస్సెక్కాం. ఎంత మిగిలిందో లెక్కవేసుకుంటూ రేవు చేరితే, సముద్రం బాగాలేదు, ఓడ మరునాడన్నారు! మిగిల్చినదంతా సత్రానికీ, భోజనాలకీ సరిపోయింది.

మర్నాడు ఓడ కదిలింది. రేవు దాటుతూంటే మూడు కొండలమీద గుడి, దర్గా, చర్చి కనిపించాయి. అమ్మ మూడింటికీ దణ్ణం పెట్టింది. బంకులో ఎటు విన్నా శ్రీకాకుళం మాటే. నాకు కడుపులో తిప్పుతూంటే, అమ్మ నా చేతిలో నిమ్మకాయ పెట్టి, తాను హాయిగా పులిహోర తింది.

సుమారు 1,200 కిలోమీటర్లు దాటి, మూడోనాటికి శ్రీ విజయపురం చేరాం. 2024 దాకా అది పోర్ట్ బ్లెయిర్. రేవులో తల నెరిసిన మనిషిని అమ్మ పోల్చుకోలేదు. "అక్కా!" అన్న తరవాత ఇద్దరికీ మాటలు రాలేదు.

ఓడ ప్రయాణం చవకే. కాని ఒక రోజూ, నాలుగు డబ్బులూ అదనంగా ఉంచుకోండి.

"తిరుగు ప్రయాణమూ బంకులోనేరా," అంది అమ్మ, "నిమ్మకాయలు మరిచిపోకు!"