రెండంగుళాల ఎత్తు

2023 అక్టోబరు 8, ఆదివారం

పొద్దున్నే బండి కింద చాప పరుచుకుని, టార్చిలైటుతో అడుగంతా చూశాను. నిన్న పాడేరు దాటాక, తారు ఆగిపోయి రాళ్లబాట మొదలయ్యే చోట కింద ఏదో గట్టిగా గీరుకుంది. పక్కన కూర్చున్న కుర్రాడు వెంటనే "లిఫ్ట్ కిట్ వేయించేయండి సార్, రెండంగుళాలు లేపితే ఇంక దేనికీ తగలదు" అన్నాడు. ఈ మహీంద్రా థార్ కొన్నప్పటి నుంచి ఈ మాట వినని వారం లేదు. సరే, అసలు ఎక్కడ తగులుతోందో ముందు చూద్దామనుకున్నాను.

రెండు వైపులా సైడ్ స్టెప్పుల అడుగున పెయింటు లేచిపోయింది. ఎడమ స్టెప్పు మధ్యలో కాస్త లోపలికి నొక్కుకుంది. వెనక యాక్సిల్‌కి షాక్ అబ్జార్బర్ బిగించే బ్రాకెట్ మీద ఒక పాత గీత ఉంది. మధ్యలో ఉండే డిఫరెన్షియల్ హౌసింగుకి మాత్రం బురద తప్ప ఏమీ లేదు.

ఈ తేడా తెలిస్తే సగం లెక్క తేలినట్టే. లిఫ్ట్ వేస్తే ఛాసిస్, దాన్ని పట్టుకుని ఉన్న స్టెప్పులు, బంపర్లు, డీజిల్ ట్యాంకు పైకి లేస్తాయి. ముందు చక్రాలది ఇండిపెండెంట్ సస్పెన్షన్ కాబట్టి ముందు డిఫరెన్షియల్ కూడా ఛాసిస్‌తో పాటే లేస్తుంది. వెనకది సాలిడ్ యాక్సిల్. అది ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా ఉన్న ఒకే దూలం. స్ప్రింగు ఎంత పొడుగు పెట్టినా దాని ఎత్తు మారదు, దాన్ని లేపగలిగింది టైరొక్కటే. అదీ పెరిగిన వ్యాసంలో సగమే. కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18 టైరు దాదాపు 31 అంగుళాలుంటుంది. 33 అంగుళాలది వేస్తే యాక్సిల్ లేచేది ఒక్క అంగుళం.

కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు. ముందు వాలు కోణం 41.8 డిగ్రీలు, వెనక 36.8, మధ్యలో గట్టు దాటేది 27. ఈ మూడింటిలో నన్ను ఇబ్బంది పెడుతున్నది ఆఖరిదే. దాన్ని ఇంకా తగ్గిస్తున్నది నేను బయట కొని తగిలించుకున్న స్టెప్పు.

అక్టోబరు 12, గురువారం

మధురవాడ నుంచి గాజువాక. హనుమంతవాక దగ్గర ఆగి ఆగి కదిలాం. ఎన్.ఏ.డి. కూడలి దాటాక పోర్టు లారీల మధ్య నడక. ఒక కంటెయినర్ లారీ సిగ్నల్ ఇవ్వకుండా లేన్ మారితే గట్టిగా బ్రేకు తొక్కాల్సి వచ్చింది. బండి తిన్నగా ఆగింది. నూటికి తొంభై పాళ్లు నేను తిరిగేది ఈ రోడ్డు మీదే. కాఫీ కోతలప్పుడు, అంటే నవంబరు నుంచి సంక్రాంతి దాకా, గింజల నాణ్యత చూడటానికి కొండమీది ఊళ్లకి పోవాలి. మిగతా ఏడాదంతా తారే. ఈ రోజు తొక్కిన బ్రేకుని కూడా లిఫ్ట్ లెక్కలో వేసుకోవాలి.

అక్టోబరు 15, ఆదివారం

మెకానిక్ బాబాయ్ షెడ్డులో పూటంతా గడిచింది. పాత మహీంద్రా జీపుల కాలం నుంచి పనిచేస్తున్న మనిషి. లిఫ్ట్ సంగతి ఎత్తగానే ఒక్క మాటన్నారు: "ఎత్తు లేపడం ఎంతసేపు బాబూ, ఒక్కపూట పని. లేపాక దాన్ని తిన్నగా నడిపించడమే అసలు పని."

బండిని ర్యాంపు ఎక్కించి ముందు చక్రం దగ్గర చూపించారు. కింది ఆర్మ్ మధ్య భాగం మీద స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి నిలబడి ఉన్నాయి. చక్రం ఆ ఆర్మ్ చివర ఉంది. అందుకని స్ప్రింగు పైన ఒక అంగుళం స్పేసర్ పెడితే చక్రం దగ్గర సుమారు రెండంగుళాలు వస్తుంది. ఇంత చవకగా అంత ఎత్తు రావడం చూసే జనం మోజు పడుతున్నారు. కానీ ఎత్తు ఊరికే రాదు. సమంగా ఉండాల్సిన ఆర్మ్‌లు కిందికి వాలిపోతాయి. పై ఆర్మ్ బాల్ జాయింటు తాను తిరగగలిగిన హద్దుకి దగ్గరపడుతుంది. డ్రైవ్ షాఫ్ట్ జాయింటు ఎప్పుడూ వంపులోనే తిరుగుతూ ఉంటుంది, రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. స్టీరింగు రాడ్ల వాలు కూడా మారడంతో గుంటలో పడ్డప్పుడల్లా చక్రం తనంతట తాను కాస్త తిరుగుతుంది.

"మరి అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోదా బాబాయ్?" అన్నాను.

"కొంతవరకే. ఈ బోల్టు తిరిగినంతే సర్దుబాటు. అది అయిపోయాక పై ఆర్మ్‌లే మార్చాలి. అప్పుడేటి, చవక కిట్టు చవకగా ఉండదు."

స్పేసర్లలోనూ రెండు రకాలున్నాయని ఆయన చూపించాకే నాకు బోధపడింది. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ రెంటికీ పైన పెట్టేది ఒకటి. తారు మీద మెత్తదనం మారదు గానీ, చక్రం వేలాడినప్పుడు ఆర్మ్ కంపెనీ అనుకున్న దానికన్నా కిందికి దిగుతుంది. రెండోది స్ప్రింగుని నొక్కి పెట్టే రింగు. దీంతో ఎత్తు వస్తుంది, కానీ చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోతుంది. స్పీడ్ బ్రేకర్ దిగగానే టక్కుమని కొడుతుంది. కొండదారిలో నాకు కావలసింది గుంటలోకి దిగి నేలని పట్టుకునే చక్రం. ఎత్తు కోసం ఆ గుణాన్నే అమ్ముకోవడం నాకు నచ్చలేదు.

మూడో దారి స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు రెండూ జోడుగా మార్చడం. ఇదే సరైన పద్ధతి. ఆస్ట్రేలియా కంపెనీల సెట్లు, థాయ్‌లాండ్‌వి కూడా దొరుకుతున్నాయి. ఇక్కడ బాబాయ్ అడిగిన ప్రశ్న అమ్మేవాళ్లెవరూ అడగలేదు: "బండి మీద ఎంత బరువు పెంచావు?" ఇనుప బంపరు లేదు, వించి లేదు, పైన టెంటు లేదు. ఆ బరువులకి తయారైన స్ప్రింగుని నా ఖాళీ బండికి వేస్తే రోజూ గాజువాక దాకా నడుం విరుగుతుంది.

వెనక సంగతి త్వరగా తేలింది. యాక్సిల్‌ని పక్కకి జరగకుండా పట్టే అడ్డ రాడ్డు ఒకటుంటుంది. ఎత్తు పెరిగితే అది యాక్సిల్‌ని ఓ పక్కకి లాగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి వేగంలో వణుకు రావచ్చు. బ్రేకు గొట్టం పొడవు చాలుతుందో లేదో చూసుకోవాలి. అంగుళం వరకు ఇవేవీ పెద్ద సమస్యలు కావనీ, రెండు దాటితే ఒక్కొక్కటీ ఖర్చై కూర్చుంటుందనీ ఆయన లెక్క.

అక్టోబరు 23, సోమవారం

మహర్నవమి. బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పూజయ్యాక అమ్మని సింహాచలం తీసుకెళ్లాను. వెనక సీటుకి పోవాలంటే ముందు సీటు వంచి దూరాలి కాబట్టి అమ్మ ఎప్పుడూ ముందే కూర్చుంటుంది. ఎడమ కాలు స్టెప్పు మీద పెట్టి, హ్యాండిల్ పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, ఊపిరి తీసుకుని ఎక్కింది. మోకాళ్లు అరిగిన మనిషికి రెండంగుళాలు చాలా పెద్ద కొలత. నా ఎత్తు లెక్కల్లో ఆమె మోకాలు ఇప్పటిదాకా లేదు. ఇక నుంచి ఉంటుంది.

అక్టోబరు 29, ఆదివారం

మిత్రుడి థార్ నడిపాను. మూడంగుళాల లిఫ్ట్, 33 అంగుళాల టైర్లు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కాం.

మెచ్చుకోవాల్సింది ముందు రాస్తాను. బొర్రా పక్క మట్టిదారిలో, నా బండి తప్పకుండా గీరుకునే రాళ్ల మీదుగా అది చప్పుడు లేకుండా దాటింది. ఆ ఎత్తులో కూర్చుంటే గోతులు ముందే కనబడతాయి. వాడు నెలలో సగం రోజులు ఇలాంటి చోట్లే ఉంటాడు, వాడికి అది న్యాయం.

ఘాట్ మలుపుల్లో మాత్రం భుజాలు బిగుసుకుపోయాయి. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను తిన్నగా రావడం లేదు, చేత్తో తేవాలి. క్యాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, తగ్గిపోయిందని అర్థం. బ్రేకు వేస్తే ముక్కు బాగా దిగుతోంది. మీటరు 80 చూపిస్తుంటే బండి 85 పోతోంది, పెద్ద టైరుకి ఆ తేడా తప్పదు. దిగేటప్పటికి చీకటి పడింది. ఎదురుగా వస్తున్న ఆర్టీసీ బస్సు డ్రైవరు పదేపదే లైట్లు కొట్టాడు. మేం డిమ్ములోనే ఉన్నాం. ముక్కు లేచిన బండికి హెడ్‌లైట్లు కిందికి సర్దాలన్న సంగతి కిట్టు బిగించినవాళ్లు పట్టించుకోలేదు. లోయ పక్కన అంత పెద్ద బస్సు నడుపుతున్న మనిషి కళ్లల్లో వెలుతురు కొట్టడం నాకు చాలా బాధ కలిగించింది. రేపే సర్దించమని వాడికి గట్టిగా చెప్పాను.

ఇంటికొచ్చాక ఒక లెక్క వేశాను. రెండు చక్రాల మధ్య వెడల్పుని, గురుత్వ కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగిస్తే వచ్చే అంకె బండి పల్టీ కొట్టే తత్వాన్ని చెబుతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ వాడేది కూడా ఈ నిష్పత్తినే. వెడల్పు 1500 మి.మీ., గురుత్వ కేంద్రం 700 అనుకుందాం, 1.07 వస్తుంది. రెండంగుళాలు లేపితే చక్రాలు, వెనక యాక్సిల్ కిందే ఉంటాయి కాబట్టి కేంద్రం ఓ 40 పెరుగుతుందనుకున్నా, 1.01. మామూలు కార్లకి ఇది 1.3 పైన ఉంటుంది. అసలే తక్కువగా ఉన్నచోట అంత పోగొట్టుకోవాలంటే బలమైన కారణం ఉండాలి.

నవంబరు 4, శనివారం

చట్టం చదివాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్: తయారీదారు ఇచ్చిన వివరాలకి, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణలో చేరిన 182-ఏ ప్రకారం అనుమతి లేని మార్పు చేయించుకున్న యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకి 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ.

"అందరూ తిరుగుతున్నారు కదా" అన్న మాట షాపుల్లో వినిపిస్తుంది. తిరుగుతున్నారు, నిజమే. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు బండి కింద చూసినప్పుడు ఆ మాట అక్కరకు రాదు. పైగా దెబ్బతిన్నది అవతలి మనిషైతే ఆ భారం డబ్బుతో తీరేది కాదు.

నవంబరు 19, ఆదివారం

నా వరుస కుదిరింది: మొదట టైరు, తర్వాత షాక్ అబ్జార్బర్, ఎత్తు ఆఖరున. కంపెనీ కొలతలోనే ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాను. పక్క గోడలు గట్టివి, తారు మీద మోత కొంచెం పెరిగింది. గాలి కొట్టే చిన్న కంప్రెషరు కూడా కొన్నాను.

డిసెంబరు 10, ఆదివారం

మిచౌంగ్ తుపాను మంగళవారం బాపట్ల దగ్గర తీరం దాటింది. మన్యంలోనూ గట్టిగా కురిసింది. రైతుల కళ్లాల్లో ఆరబెట్టిన కాఫీ తడిసి బూజు వాసన కొట్టేస్తోంది. నిన్న మాడుగుల మీదుగా పాడేరు ఎక్కి, అక్కణ్ణుంచి అదే రాళ్లబాట పట్టాను. ఈసారి ఎర్రమట్టి జారుడు కూడా తోడైంది.

తారు ఆగిన చోట టైర్ల గాలి 32 పీఎస్ఐ నుంచి 20కి దించి, 4ఎల్‌లో, అంటే నాలుగు చక్రాలూ లాగే లో గేరులో, నడకవేగంతో పోయాను. గాలి దించితే బండి కాస్త కుంగుతుంది, ఆ మాట నిజం. కానీ టైరు పొడుగ్గా పరుచుకుని రాయిని పట్టుకుంది. చక్రం తిరిగిపోలేదు, కాబట్టి బండి ఎగిరి పడలేదు. పోయినసారి గీరుకున్న వాటిలో చాలా దెబ్బలు ఎగిరి పడ్డప్పటివే అయ్యుండాలి. పెద్ద బండరాళ్ల దగ్గర దిగి చూసి, చక్రాన్ని రాయి మీదికే ఎక్కించాను. ఒక్కచోట మాత్రం ఎడమ స్టెప్పు మళ్లీ తగిలింది. వెనక బ్రాకెట్‌కి కొత్త గీత పడలేదు.

ఊళ్లో ఒక రైతు దిగుబడి సంచుల పక్కన కూర్చుని టీ తాగుతూ "మా జీపులు ఎత్తేం కాదు బాబూ, డ్రైవరుకి దారి తెలుసు" అన్నాడు. పాతిక మందిని ఎక్కించుకుని ఆ బాటమీద రోజూ తిరిగే జీపులవి.

బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. లిఫ్ట్ వద్దు. స్టెప్పులు విప్పేసి, ఛాసిస్‌కి దగ్గరగా పైకి ఆనుకుని ఉండే సన్నవి దొరుకుతాయేమో చూడమన్నాను, కిందికి వేలాడేది ఏదీ వద్దన్నాను. అమ్మకి ఎక్కడానికి తేలికపాటి మడత పీట ఒకటి సీటు వెనక ఉంటుంది. షాక్ అబ్జార్బర్లు అరిగినప్పుడు ఖాళీ బండి బరువుకి తగ్గవి, కంపెనీ ఎత్తుకే మంచివి వేయిద్దాం. "సంక్రాంతికి ముందే రా, పండక్కి షెడ్డు మూసేస్తాను" అన్నారాయన. వచ్చే శనివారం బండి ఇచ్చేస్తాను.