తాతగారి మడత కెమేరా

పిల్లలూ, పహాడీషరీఫ్ గుట్టకు చేరువలో ఉన్న జల్‌పల్లి చెరువు గట్టుకు వెళదాం రండి. మా తాతగారి కెమేరాను బాగుచేసి మొదటి ఫోటో ఇక్కడే తీశాను. ఎందుకంటారా? చెబుతాను.

ట్రంకుపెట్టెలో ఆ కెమేరా దొరకగానే వెనకమూత తీయబోయి ఆగాను. మంచిదే అయింది! మూతకున్న చిన్న ఎర్రకిటికీలో 8 అంకె కనిపించింది. అంటే తాతగారు సగం వాడిన ఫిలిం లోపలే ఉన్నదన్నమాట. మూత తీస్తే వెలుతురు సోకి, ఆయన తీసిన బొమ్మలన్నీ పాడైపోయేవి. పిడి తిప్పి ఫిలింను చివరిదాకా చుట్టి, చీకటిలో బయటికి తీసి, కడగడానికి పంపాను.

ఇక మరమ్మతు. కటకం మరలోని గ్రీజు ఏళ్ళ తరబడి ఎండి లక్కలా బిగిసింది. స్పిరిట్టుతో తుడిస్తేగాని కదలలేదు. (ఈ పని పెద్దవాళ్ళ చేత చేయించండి.) షట్టరు రేకులూ అంటుకున్నాయి, అవి సెకనులో ఇరవైఅయిదో వంతు మాత్రమే తెరుచుకోవాలి మరి!

అసలు చిక్కు హార్మోనియం తిత్తిలా మడతలు పడే నల్లసంచితో వచ్చింది. చీకటిగదిలో దాని లోపల టార్చి వెలిగిస్తే మడతల మూలల్లో చుక్కలు మెరిశాయి! సూదిమొనంత చిల్లున్నా ఫోటోమీద తెల్లమచ్చ పడుతుంది. ఒక్కొక్క చిల్లుకూ నల్లరంగు పూశాను.

ఈ కెమేరాలో వేసే 120 రకం ఫిలిం 1901లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. చుట్టకు 12 బొమ్మలే. అందుకే కొంగ కుదురుగా నిలబడేదాకా ఈ గట్టుమీద అరగంట కూర్చున్నాను.

పాత ఫిలిం మాటా? చాలా బొమ్మలు మసిబారిపోయాయి. ఒకదానిలో మాత్రం ఇదే గట్టు. దానిమీద మీ అంత వయసున్న మా నాన్న, ఎండకు కళ్ళు చికిలించి నిలబడి ఉన్నాడు.