జౌగడ బండ

మా మేనల్లుడు బరంపురంలో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. దసరా సెలవుల్లో వాణ్ణి వెంటబెట్టుకుని జౌగడ వెళ్ళాను. పురుషోత్తమపురం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. ఋషికుల్య నది దగ్గర, ఒకప్పుడు మట్టికోట ఉన్న చోటు అది. ఒడియాలో 'జౌ' అంటే లక్క. ఇది లక్క కోట అనీ, గోడ ఎక్కబోయిన శత్రువులు జారిపడేవారనీ చెప్పుకుంటారు.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు ధర్మశాసనాలు చెక్కించిన బండ ఇక్కడే ఉంది. 1850లో వాల్టర్ ఎలియట్ దొర వాటికి నకలు తీయించాడు. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించినది కూడా ఈయనే. అప్పట్లో గంజాం మద్రాసు రాజధానిలోది. 1936లో ఒరిస్సాలో చేరింది.

బండమీద మూడు పలకలున్నాయి. మొదటిదానిలో దాదాపు సగం పెచ్చులూడిపోయింది. మావాడు కటకటాల్లోంచి తొంగిచూసి, "కూడిక గుర్తులున్నాయి మామయ్యా!" అన్నాడు. అవి బ్రాహ్మీ లిపిలోని 'క'లు. మన 'క' ఆ గుర్తునుంచే మారుతూ వచ్చిందని చెబితే వాడు నమ్మలేదు.

మిగతాచోట్ల శాసనాలు పద్నాలుగు. ఇక్కడ పదో శాసనం తర్వాత పద్నాలుగోదే ఉంది.

"పని మధ్యలో ఆపేశారా?" అని అడిగాడు.

"లేదురా, కావాలనే వదిలేశారు. భువనేశ్వర్ దగ్గర ధౌలిలోనూ ఆ మూడూ లేవు. వాటికి బదులు కళింగకోసం వేరే రెండు చెక్కించారు. మనుషులందరూ నా బిడ్డలే అంటాడు రాజు. ఎవరినీ అన్యాయంగా చెరలో పెట్టవద్దని అధికారులకు చెబుతాడు."

"మరి ఆ మూడింట్లో ఏముంది?"

పదమూడో శాసనం సంగతి చెప్పాను. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారనీ, లక్షా యాభైవేలమందిని చెరపట్టి తీసుకుపోయారనీ, అందుకు తాను బాధపడుతున్నాననీ అశోకుడు చెప్పుకున్నది అందులోనే. ఆంధ్రుల పేరు వచ్చేదీ అందులోనే.

"దెబ్బతిన్నవాళ్ళకే ఆ మాట చెప్పలేదా?"

మానిన గాయాన్ని మళ్ళీ రేపడం ఎందుకని మానుకుని ఉంటాడని పండితులు ఊహిస్తారు. తరగతిలో నేనూ ఏళ్ళతరబడి అదే చెప్పాను. ఆ బండ ముందు నిలబడి చెప్పబోతే మాట తడబడింది. బిడ్డలన్నవాడు బిడ్డలకు చెప్పుకోలేకపోయాడేమో అని అప్పుడే మొదటిసారి అనిపించింది.

తిరుగు బస్సులో వాడు, "ఆ పదమూడోది తెలుగుదేశంలో ఎక్కడైనా ఉందా?" అన్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉందన్నాను. వేసవి సెలవుల్లో తీసుకెళ్ళమని బరంపురం చేరేదాకా నన్ను వదల్లేదు.