నీళ్ల మధ్య ఊళ్లు... కొల్లేటి లంకలు

దీవిలో ఓ రోజు గడపాలంటే అండమానుకో లక్షద్వీప్‌కో వెళ్లాలనుకుంటాం. విమానం టికెట్లు, హోటల్ గదులు, నెలల తరబడి ప్లానింగు... అదంతా పెద్ద తతంగం. కానీ ఏలూరులో ఆటో ఎక్కితే గంట తిరక్కుండానే చేరుకోగల దీవులున్నాయని ఎంతమందికి తెలుసు? అక్కడ రిసార్టులుండవు, బీచ్ గొడుగులుండవు. చుట్టూ నీళ్లు, నీళ్ల నిండా తామరాకులు, గట్టు మీద తాటిచెట్లు, చెట్ల మాటున ఓ ఊరు. అవే కొల్లేటి లంకలు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పల్లంగా ఉన్న నేల కొల్లేరు. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి. 2022లో జిల్లాల పునర్విభజన జరిగాక సరస్సులో ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలోకే వచ్చింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు... ఎగువన ఎక్కడ వాన పడినా ఆ నీళ్లన్నీ చివరికి ఇక్కడికే చేరతాయి. బయటికి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. అది దాదాపు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ వెళ్లి బంగాళాఖాతంలో కలుస్తుంది. వచ్చేది కొండంత, పోయేది గోరంత! ఆ మధ్యలో ఆగిన నీళ్లే కొల్లేరు. ఆ నీళ్లలో కాస్త మెరకగా మిగిలిన దిబ్బలే లంకలు.

పేరులోనే ఊరి పుట్టుక

గుడివాకలంక, కోమటిలంక, ప్రత్తికోళ్లలంక, ఆగడాలలంక, కొవ్వాడలంక, పెనుమాకలంక, నందిగామలంక... ఈ పేర్లు వింటే చాలు, ఆ ఊళ్లు ఎలా పుట్టాయో అర్థమైపోతుంది. వడ్లకూటితిప్ప లాంటి ఊళ్లకు 'తిప్ప' అన్న పేరొచ్చింది. అదీ మెరకకే. గోదావరి లంకలు ఏరు తెచ్చి వేసిన ఇసుక మేటలైతే, ఇవి సరస్సు వదిలిపెట్టిన మట్టి దిబ్బలు. వాటి మీదే ఇళ్లు, బడి, గుడి, చర్చి, వల ఆరేసుకునే జాగా... అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి.

లంకల్లో ఎక్కువగా ఉండేది చేపల వేటే బతుకుదెరువుగా చేసుకున్న వడ్డీలు. ఒకప్పుడు ఒడిశా గజపతుల సేనలతో వచ్చి ఇక్కడే స్థిరపడ్డామని వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. దళితులు, ఇతర కులాలవాళ్లూ ఉన్నారు. ఎవరి వృత్తి ఏదైనా అందరి లెక్కా నీళ్లతోనే. నీళ్లెంత ఉన్నాయి, ఎప్పుడు తీస్తాయి, ఎప్పుడు పోటెత్తుతాయి... పొద్దున్నే రచ్చబండ దగ్గర మొదటి కబురు ఇదే.

గెడ వేస్తే కదిలే బతుకు

కొల్లేరు చాలాచోట్ల మనిషి లోతుకు మించదు. అందుకే ఇక్కడ తెడ్డు కన్నా గెడకే పని ఎక్కువ. తాటిమాను తొలిచి చేసిన దోనెలో నిలబడి, గెడను అడుసులో దించి ఒక్క తోపు తోస్తే చాలు, దోనె నీటిమొక్కల మధ్య నుంచి జారిపోతుంది. చూసేవాళ్లకు సులువే. కొత్తవాళ్లు గెడ పట్టుకుంటే మాత్రం దోనె అక్కడే గింగిరాలు తిరుగుతుంది. లంకల్లో పిల్లలకు సైకిల్ కన్నా ముందు వచ్చే విద్య ఇదే మరి.

వేటకు వెళ్లేది తెల్లవారకముందే. వెదురు పుల్లలతో అల్లిన మావుల్ని సాయంత్రమే నీళ్లలో ఓరగా దించి వస్తారు. లోపలికి దూరిన చేప మళ్లీ బయటికి రాలేదు. తెల్లారి మావు ఎత్తి చూసుకుంటే ఆ రోజు కూరో, రెండు డబ్బులో ఖాయం. కట్టుగా వలలు పాతి పట్టే పద్ధతీ ఉంది, దాన్ని వలకట్టు అంటారు. కొర్రమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి... ఒకప్పుడు మావు నిండా దొరికినవే ఇవన్నీ. కొర్రమీను సంగతి మరీ చెప్పాలి. గాలి పీల్చి బతకగలదు కాబట్టి నీటి బయటా చాలాసేపు ప్రాణంతో ఉంటుంది. అందుకే బుట్టలో పెట్టుకుని సంతకు తీసుకెళ్లినా తాజాగానే అమ్ముడయ్యేది.

ఇక కొల్లేటి చేపల పులుసు రుచి తెలియాలంటే లంకలో ఎవరింట్లోనో తినాల్సిందే. మట్టి దాకలో చింతపండు పులుసు పోసి, సీజనైతే నాలుగు పచ్చి మామిడి ముక్కలు వేసి, సన్నటి సెగ మీద ఉడికిస్తారు. గరిటె పెట్టి కలపరు, దాకనే చేత్తో పట్టుకుని తిప్పుతారు. ముక్క విరిగితే వంట వచ్చినట్టు కాదని అత్తలు కోడళ్లను ఆటపట్టిస్తారు. ఈ పులుసు ఆ పూట కన్నా మర్నాడు చద్దన్నంలోకే బావుంటుందని గోదావరి జిల్లాల్లో అందరూ ఒప్పుకునే మాట. వచ్చిన చుట్టాన్ని భోంచేయకుండా పంపడం ఇక్కడ అలవాటు లేదు. 'ఆయ్, ఓ ముద్ద తినెళ్లండి' అంటే తినే వెళ్లాలి!

అమ్మవారికీ ఓ కథ

కైకలూరు మండలంలోని కొల్లేటికోట లంకకు వెళితే పెద్దింట్లమ్మ గుడి కనిపిస్తుంది. జలదుర్గగా కొలిచే ఈ అమ్మవారికి ఏటా ఫాల్గుణ మాసంలో జాతర. పాడ్యమి నుంచి పౌర్ణమి దాకా లంకలన్నీ ఇక్కడే ఉంటాయి. ఒకప్పుడు జాతరకు వచ్చేది పడవల మీదే. కొల్లేటి ఇంటి ఆడపడుచు ఎంత దూరాన ఉన్నా అమ్మవారి తీర్థానికి పుట్టింటికి రావాల్సిందే.

ఊరి పేరులోని కోటకూ ఓ కథ ఉంది. గజపతి రాజు సరస్సు మధ్య లంక మీద కోట కట్టుకున్నాడట. శత్రు సేనాని ఒడ్డున చిగురుకోట దగ్గర దండు దిగాడట. చుట్టూ నీళ్లే కాపలా కావడంతో కోటను అందుకోలేక, సరస్సును ఖాళీ చేయడానికి సముద్రం దాకా కాలువ తవ్వించాడట. అదే నేటి ఉప్పుటేరని చెబుతారు. దిక్కుతోచని రాజు దేవతల్ని శాంతింపజేయడానికి కన్నకూతుర్నే బలిచ్చాడని, అందుకే ఆ కాలువకు పేరంటాల కనమ అని పేరొచ్చిందని జనం చెప్పుకునే గాథ. నిజమెంతో గానీ, కొల్లేటి నీళ్లు తీసేస్తే లంకకు రక్షణ ఉండదన్న సంగతి మాత్రం ఆ కథలో ఎప్పుడో చెప్పేశారు.

ఇనుప చెట్ల మీద గూళ్లు

కైకలూరుకు ఆనుకునే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి శీతాకాలంలో వెళ్లాలి. అటవీశాఖ పడవలో కాస్త లోపలికి వెళ్లేసరికి కలకలం మొదలవుతుంది. వందలాది గూడబాతులు! పెలికాన్లనేది వీటినే. ముక్కు కింద సంచి వేలాడుతూ, రెక్కలు చాచుకుని నీళ్ల మీద వాలుతుంటే చిన్న విమానం దిగినట్టే ఉంటుంది. పిల్లలు తల్లి గొంతులోకి తల దూర్చి చేపల్ని అందుకోవడం చూసి తీరాల్సిన దృశ్యం. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. నీళ్ల మీద నామాలకోళ్లు.

ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అనుకుంటారు. గూడబాతుల విషయంలో అది నిజం కాదు. ఇవి అచ్చంగా దక్షిణాసియా పక్షులు. మన దేశంలోనూ శ్రీలంకలోనూ ఉంటాయి, కంబోడియా దాకా కనిపిస్తాయి. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి వచ్చేవి సూదితోక బాతులు, పరజల్లాంటివి.

గూడబాతులకూ ఈ ప్రాంతానికీ ఉన్న బంధం పాతదే. పశ్చిమగోదావరి పల్లె ఆరేడులో 1946లో కేరళకు చెందిన పక్షి ప్రేమికుడు కె.కె.నీలకంఠన్ దాదాపు 3 వేల గూళ్లున్న గూడబాతుల కాలనీని గుర్తించారు. అంటే ఈ పక్షులు ఊళ్లో, మనుషుల మధ్యే పిల్లల్ని పెంచుకునేవన్నమాట! తరవాత అవి ఆ చోటు వదిలి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆటపాకలో చెట్లు చాలక ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటి మీద గూళ్లు కట్టుకుంటున్నాయి. మనిషి తీసుకున్న చెట్టుకు బదులుగా మనిషే పాతిన ఇనుప చెట్టు. అయినా పక్షి దాన్నే సర్దుకుంది.

సరస్సా... చెరువులా?

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో ఎటు చూసినా నీళ్లే. కానీ అదంతా కొల్లేరు కాదు. గట్లు కట్టిన చేపల చెరువులు! 1970ల్లో మత్స్యకారుల బతుకులు బాగుపడాలని ప్రభుత్వం సహకార సంఘాలకు చెరువులిచ్చింది. పెట్టుబడి లేని సంఘాల నుంచి అవి క్రమంగా లీజుల పేరుతో పెద్దల చేతుల్లోకి వెళ్లాయి. బొచ్చె, శీలావతి చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతా, అసోంలకు పోవడం మొదలైంది. డబ్బు కనిపించింది, గట్లు పెరిగాయి, సరస్సు తరిగింది.

కొల్లేటి లెక్కలన్నీ కాంటూర్లలోనే. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తన్నదే కాంటూరు. నీరు ప్లస్ 3 దగ్గరుంటే సరస్సు 135 చదరపు కిలోమీటర్లు. ప్లస్ 5 అయితే 308. అదే ప్లస్ 10కి చేరితే 901! 1999లో ప్లస్ 5 కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోనూ కొల్లేరు చేరింది. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట పొక్లెయిన్లు దిగి అభయారణ్యంలోని చెరువుల గట్లు తెంచాయి. 2008లో పరిధిని ప్లస్ 3కి కుదించాలని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ మాత్రం ప్లస్ 5నే ఉంచాలంది. తెంచిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. 2025లోనూ ఈ వ్యవహారం సుప్రీంకోర్టు ముందే ఉంది. తెమలని విషయాన్ని కొల్లేటి చాంతాడుతో పోలుస్తాం కదా... ఆ సామెతకు కొల్లేరే పెద్ద ఉదాహరణ అయిపోయింది!

లంకవాసుల బాధలో న్యాయం లేకపోలేదు. చెరువులు తవ్వించి లాభపడినవాళ్లలో చాలామంది పట్నాల్లో ఉంటే, గట్టు తెగినప్పుడు కూలి పోయింది లంకలోని వాళ్లకే. జిరాయితీ భూములున్న రైతులు పరిహారం అడుగుతున్నారు. చుట్టూ నీళ్లున్నా తాగడానికి పనికిరాక చాలా ఊళ్లలో మంచినీళ్ల టిన్నులు కొనుక్కుంటున్నారు.

అలాగని సరస్సును వదులుకుంటే ఏమవుతుందో 2024 సెప్టెంబరులో కళ్లకు కట్టింది. విజయవాడను ముంచిన బుడమేరు వరద కొల్లేటికే వచ్చింది. పరుచుకోవడానికి చోటు లేని నీళ్లు రోడ్లెక్కాయి. మండవల్లి మండలంలోని పెనుమాకలంక, నందిగామలంక లాంటి ఊళ్లకు దారి మునిగి, మళ్లీ పడవలే దిక్కయ్యాయి. చెరువు గట్టు సరస్సుకే కాదు, లంక గడపకూ ముప్పేనని ఆ వరద చెప్పింది. పక్షి బతకాలన్నా, వడ్డీల మావులో చేప పడాలన్నా, బడికెళ్లే పిల్లల కాళ్ల కింద రోడ్డు నిలవాలన్నా నీటికి దాని చోటు దానికి వదలాల్సిందే.

ఎలా వెళ్లాలి?

* విజయవాడ-విశాఖ ప్రధాన రైలు మార్గంలో ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్లున్నాయి. గుడివాడ-భీమవరం మార్గంలో కైకలూరు, ఆకివీడు దగ్గరి స్టేషన్లు.

* ఏలూరు, విజయవాడ, భీమవరం నుంచి కైకలూరుకు బస్సులున్నాయి. అక్కణ్నుంచి ఆటపాకకు, కొల్లేటికోటకు ఆటోలో వెళ్లొచ్చు.

* నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పక్షులు చూడ్డానికి అనువైన సమయం. ఉదయాన్నే వెళితే మంచిది. గూళ్ల దగ్గర అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. తల్లిపక్షి బెదిరి లేస్తే గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి.

* లంకల్లో హోటళ్లుండవు. బస ఏలూరులోనో భీమవరంలోనో చూసుకోవాలి. తాగునీళ్లు వెంట తీసుకెళ్లాలి... ఖాళీ సీసాలు మాత్రం కొల్లేట్లో వేయకుండా వెంటే తెచ్చుకోవాలి.

* తిరుగు ప్రయాణంలో ఏలూరులో ఆగితే, పర్షియా పనితనం వారసత్వంగా వచ్చిందని చెప్పే అక్కడి ఉన్ని తివాచీల నేత గురించీ తెలుసుకోవచ్చు.